చెరువుకట్టకు కావలి యెవరు?

చెరువు తెగినదని వినగానే మనకు మొదట తోచునది పెద్దవాన. తుఫాను పట్టినది, వాగు పొంగినది, అలుగు చాలలేదు, నీరు కట్టమీదుగా దొర్లి గండి పడినది అనుకొందుము. చాలా గండ్లు ఈ విధముగనే పడుట నిజము. కాని వనపర్తి జిల్లా మదనాపురము మండలములోని సరళాసాగరము 2019 డిసెంబరు 31వ తేదీ తెల్లవారుజామున తెగినపుడు అది వానకాలము కాదు. వాగులో వరద లేదు. నిండుగా, నిలకడగా ఉన్న చెరువు అది. మట్టికట్టలో ఊట బుంగగా మారి, బుంగ గండియై విచ్చుకొనినదని ఆనాటి వార్తలు. నీరంతయు దిగువనున్న రామన్‌పాడు జలాశయమువైపు పారిపోయినది. అదృష్టవశమున ప్రాణనష్టము కలుగలేదు. మదనాపురము, ఆత్మకూరు నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. యాసంగి కొరకు నిలువ చేసికొనిన నీరు ఒక్క పూటలో లేకుండ పోయినది. ఆ తరువాత గండిని పూడ్చి కట్టను మరల నిలిపినారు గాని, ఆ తెల్లవారుజాము నేర్పిన సంగతిని మన గ్రామములు ఇంకను సరిగా పట్టించుకొనలేదని నా అభిప్రాయము.

సరళాసాగరము మామూలు చెరువు కాదు. వనపర్తి సంస్థానాధిపతియైన రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేర ఊకచెట్టు వాగుపై తలపెట్టిన ఈ పనికి 1949లో పునాది పడినది; 1959లో ప్రారంభమైనది. సుమారు అర టి.ఎం.సి. నీరు పట్టును. ఆయకట్టు నాలుగు వేల ఎకరములకు పైగా కలదు. వరదనీరు పోవుటకు దీనికి తలుపులు లేవు. 17 పెద్ద సైఫన్లు, వానిని ఆరంభింపజేయుటకు 4 చిన్న సైఫన్లు కట్టినారు. డబ్బాలోని కిరసనాయిలును రబ్బరు గొట్టముతో లాగి ఇంకొక డబ్బాలోనికి దింపుట మనమందరము చూచినదే. గొట్టములోని గాలి పోయిన తరువాత నూనె తనంతట తానే దిగును. ఇచ్చట జరుగునదియు అంతే. నీరు పూర్తిమట్టమునకు రాగానే సైఫనులోని గాలి వెడలిపోయి, గొట్టము నిండుగా పారును. మట్టము తగ్గగానే లోనికి గాలి చొరబడి పారుదల ఆగిపోవును. ఆసియాలో ఇట్టి కట్టడములలో ఇది మొదటిదని చెప్పుదురు. నేటికిని సైఫన్లు తెరచుకొనిన రోజున చూచుటకు జనము తండోపతండములుగా వత్తురు.

ఇది చాల గొప్ప పని. తలుపులున్న ఆనకట్టలకు ఏమి జరుగునో 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు వద్ద చూచినాము. అక్కడి అయిదు తలుపులలో ఒకటి పనిచేయని స్థితిలో నుండగా, ఎగువ పింఛ ప్రాజెక్టును తెంచుకొని వచ్చిన వరద మీదపడి మట్టికట్టను ఊడ్చివేసినది. దిగువ పల్లెలలో పలువురు ప్రాణములు కోల్పోయినారు. సైఫనుకు ఆ బాధ లేదు. అర్ధరాత్రి లేచి తలుపులెత్తువాడు అక్కరలేదు. అయితే మనిషి అక్కరలేనిది సైఫనుకు మాత్రమే. దానికి ఇరుప్రక్కల నున్న మట్టికట్టకు మనిషి కావలెను. ఇది సరళాసాగరమునకే కాదు, మన మూడు జిల్లాలలోని ప్రతి చెరువుకు, ప్రతి కుంటకు వర్తించును.

ఇప్పుడే ఈ మాట చెప్పుటకు కారణమున్నది. మన చెరువుల నడక మారినది. వెనుక మృగశిర, ఆరుద్ర కార్తెలలో నీరు చేరుట మొదలై, పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలలో చెరువు నిండెడిది. సంక్రాంతి నాటికి సగమయ్యెడిది. శివరాత్రి నాటికి తూము ముందు మడుగు మాత్రము మిగిలెడిది. ఎండకాలమున శిఖములో పశువులు మేసెడివి. పాలమూరు కరవు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వరుసగా నాలుగైదేండ్లు అలుగు ముఖము చూడని చెరువులెన్నో ఉండెడివి. కట్టకు నిండు నీటి బరువు ఏడాదిలో రెండు మూడు నెలలే, అదియు అన్ని ఏండ్లు కాదు.

నేడు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల పథకముల వలన కృష్ణనీరు మెట్టప్రాంతములకు ఎక్కి వచ్చినది. నాగర్‌కర్నూలు కేసరిసముద్రము, శ్రీరంగాపురము రంగసముద్రము, కొల్లాపురము దగ్గరి సింగోటము శ్రీవారిసముద్రము వంటి పాత చెరువులు ఇప్పుడు కాలువనీటితో నిండుచున్నవి. వాని క్రింద కుంటలును నిండుచున్నవి. వాన కురియని ఏట కూడ నిండుచున్నవి. యాసంగికి నీరుండవలెనని మాఘ ఫాల్గుణములలో సైతము నిండుమట్టమున నిలుపుచున్నారు. వలసపోయిన కుటుంబములు తిరిగివచ్చి నాట్లు వేసికొనుట ఈ నీటి చలువయే. దీనిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. తాత కాలమున రెండు నెలల నీటికి కట్టిన కట్టపై మనుమడు పది నెలల నీటిని నిలుపుచున్నాడు. ఆ మార్పును కట్ట ఎట్లు ఓర్చుకొనుచున్నదో చూచువాడు లేడనుటయే నా ఉద్దేశము.

మట్టికట్టలో ఎంతో కొంత ఊట ఉండనే ఉండును. లోపలి వాలునుండి నీరు మెల్లగా మట్టిలోనికి చొచ్చి వెలుపలి వైపు నడచును. బంకమట్టిలో ఈ నడక మిక్కిలి నెమ్మది. రెండు నెలలలో కట్ట నడుమ వరకు వచ్చి, చెరువు తగ్గగానే వెనుకకు మళ్ళిన తడి, ఆరేడు నెలలు నీరు నిలిచినచో వెలుపలి వాలునకు చేరును. ఏనాడును తడి చూడని చోట అపుడు చెమ్మ కనబడును. ఎన్నో ఏండ్లు ఎండిన కట్ట సంగతి ఇంకను చెడ్డది. గద్వాల వైపు నల్లరేగడి ఎండకు చేయి దూరునంత నెర్రెలు విచ్చుట రైతులందరికి తెలుసు. కట్టలోని రేగడియు అట్లే విచ్చును. ఎలుకలు, పందికొక్కులు, ముళ్ళపందులు బొరియలు చేయును. చెదలు పుట్టలు పెట్టును. సర్కారుతుమ్మ వేళ్ళు దిగును. చెట్టును నరికినచో ఆ వేళ్ళు లోపల కుళ్ళి గొట్టములగును. నీరు ఆ ఎత్తునకు రానంతకాలము వీనివలన బాధ లేదు. ఇరువదియేండ్లుగా నీరు తాకని పై మూడు నాలుగడుగుల కట్టను, కాలువ వచ్చినదని వారము పది దినములలో ముంచినచో, ఆ రంధ్రములన్నింటికి ఒక్కసారిగా పరీక్ష వచ్చును. సరళాసాగరము చాల ఏండ్ల తరువాత కృష్ణనీటితో నిండిన సంవత్సరముననే తెగుట యాదృచ్ఛికము కాదని నేననుకొనుచున్నాను.

ఇది పేదదేశముల జబ్బు కూడ కాదు. అమెరికాలో ఐడహో రాష్ట్రమున టీటన్ అను 300 అడుగుల ఎత్తైన మట్టి ఆనకట్టను కట్టి మొదటిసారి నింపుచుండగా, 1976 జూన్ 5న ఉదయము ఏడు గంటల ప్రాంతమున మురికినీటి ఊట కనబడినది. మధ్యాహ్నము పన్నెండు కొట్టకముందే కట్ట కూలినది. పదునొకండుగురు మరణించినారు. పెద్ద యంత్రములు, ఇంజనీర్లు అందరు అక్కడనే యుండిరి. ఊట కనబడుటకు, గండి పడుటకు నడుమ అయిదు గంటలు మాత్రమే దొరికినది. మన జిల్లాలోని క్రొత్త కట్టలకును ఈ బెడద లేకపోలేదు. గద్వాల జిల్లాలో నెట్టెంపాడు పథకము క్రింద 4 టి.ఎం.సి.ల కొరకు కట్టిన ర్యాలంపాడు జలాశయపు కట్టలో ఊటలు కనబడగా, 2021లో నిలువను సగమునకు తగ్గించినారు. తగ్గించినవారిని రైతులు తిట్టినారు. నేను మాత్రము వారు చేసినది మంచి పనియే అందును. ఊటను చూచినవాడు ఒకడున్నాడు, చూచిన దానిని నమ్మి నీరు దింపినవాడు ఒకడున్నాడు. చిన్న చెరువులకు లేనివారు ఈ ఇద్దరే.

పూర్వము ఆ పనికి నీరటి ఉండెడివాడు. తూము తీయుట, మూయుట, మడిమడికి నీరు పంచుట మాత్రమే అతని పని అనుకొనుట పొరపాటు. వానకాలపు రాత్రులలో కట్టమీద కంబళి కప్పుకొని తిరిగినవాడు అతడే. ఏ తావున చెమ్మ ఎప్పటినుండి ఉన్నదో, ఏ బుంగను ఎవరి తండ్రి కాలములో పూడ్చినారో అతనికి తెలియును. ఈ పనికి ఇనాము భూమి ఉండెడిది. చెరువును మరమ్మతు చేయించువారికి దశబంధము పేర భూములిచ్చిన శాసనములు మన తెలుగుదేశమున ఎన్నియో కలవు. ఆ ఏర్పాటులో అన్యాయము లేదని నేననను. నీరటి కులము పేర, వెట్టి పేర నలిగిపోయినవాడే. ఇనాములు రద్దైనవి. 1980 దశాబ్దమున పటేలు పట్వారీలు పోయినారు. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ 2020లో రద్దయినది. మిగిలియున్న గ్రామ సహాయకులను 2023లో వేర్వేరు శాఖలలో కలిపినారు. పోవలసినవి పోవుట మంచిదే. అయితే వాటితోపాటు కట్టమీద రాత్రిపూట నడచు మనిషియు పోయినాడు, ఆ చోటు ఖాళీగా మిగిలినది.

శాసనములు లేవా అనిన, ఉన్నవి. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. వానకాలమునకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, వరద వచ్చినపుడు, భూకంపము వచ్చినపుడు కట్టను తనిఖీ చేయవలెనని యజమానిని నిర్బంధించినది. ఇది 15 మీటర్లకు మించిన ఎత్తు గల ఆనకట్టలకు వర్తించును. 10 నుండి 15 మీటర్ల వానిలో, కట్ట పొడవు 500 మీటర్లకు, లేదా నిలువ పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గనివానికి, మరి కొన్నింటికి వర్తించును. అనగా 10 మీటర్లకు లోపు ఎత్తున్న మన ఊరి చెరువు ఆ చట్టమునకు కనబడదు. మిషన్ కాకతీయ మొదలుపెట్టినపుడు రాష్ట్రమున లెక్కించిన చెరువులు, కుంటలు 46 వేలకు పైబడినవి. వీనిలో అత్యధికము ఈ చట్టపు వల కన్నులలోనుండి జారిపోవునవే. చిన్న చెరువు తెగినచో నష్టము చిన్నదే యగునా? 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర రైలుమార్గమును కోసివేసినది ఎగువ చెరువు తెగిన నీరే. ఆ తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు అందులో పడి 114 మంది మరణించినారు. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు ముందు ఆ నదీ పరీవాహమున నున్న 788 చెరువులలో 221 తెగినవని విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చినారు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై కుంట తెగి క్రింది చెరువును, క్రింది చెరువు తెగి దాని క్రింది దానిని తెంపుకొనిపోవును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మహబూబాబాదు, ఖమ్మము, సూర్యాపేట జిల్లాలు దీనిని కన్నులార చూచినవి.

మిషన్ కాకతీయ గూర్చి ఒక మాట. 2015లో మొదలైన ఈ పని వలన మన చెరువులలో పూడిక పోయినది, తూములు బాగుపడినవి, పొలములకు ఒండ్రుమట్టి చేరినది. నాకు నచ్చనిది ఒకటే. పూడికమట్టికి గిరాకి కలుగుటతో, దగ్గరగా దొరకునని కట్ట లోపలి అడుగునే త్రవ్విన తావులున్నవి. అక్కడ ఎన్నో ఏండ్లుగా పేరుకొనిన మెత్తని ఒండ్రు చెరువుకు పరచిన దుప్పటి వంటిది. నీరు కట్టక్రిందికి దిగకుండ ఆపునది అదియే. దానిని ఎత్తివేసి, క్రిందనున్న మొరము బయటపడునట్లు చేసినచో, కట్ట చక్కగానే కనబడును, ఊట మాత్రము కట్ట అడుగునుండి నడచును. పూడిక తీయునపుడు కట్టనుండి దూరముగా తీయవలెను. కట్ట ఎత్తుకు కనీసము అయిదు రెట్లైనను విడువవలెనని నేను చెప్పుదును. పదిరెట్లు విడిచిన మరియు మంచిది. కట్ట వెలుపలి అడుగున ఇటుకలకని, ఇంటి పునాదులకని మొరము త్రవ్వుట అంతకన్న చెడ్డది. అక్కడ గోయి తీసినవాడు కట్ట కాలు నరికినట్లే.

అలుగు సంగతి చెప్పకుండ విడువరాదు. ఇంకొక అడుగు నీరు నిలుచునని అలుగుమీద రాళ్ళు పేర్చి, ఇసుకబస్తాలు అడ్డము వేయుట మన ఊళ్ళలో మామూలైనది. చేపలు వెళ్ళిపోవునని అలుగుకు వలలు, ఇనుపజాలీలు కట్టుటయు ఉన్నది. వరద వచ్చినపుడు గుర్రపుడెక్క, కంపచెట్లు వచ్చి జాలీకి పట్టుకొని గోడవలె నిలుచును. చేపలు మిగులును, కట్ట మిగులదు. మత్స్య సహకార సంఘమువారిని ఇందుకు నిందించి ప్రయోజనము లేదు, వారి బ్రతుకుతెరువు అది. జాలీ పెట్టక తప్పనిచో అలుగునకు దూరముగా, చెత్త తీసివేయుటకు వీలుగా పెట్టుకొని, వాన ముఖము పట్టగానే ఎత్తివేయు బాధ్యతను ఒకరికి ఒప్పగించవలెను.

ఇక చూచుట ఎట్లు? ఇందుకు ఇంజనీరు చదువు అక్కరలేదు. చెరువు నిండియున్న దినములలో రోజుకొకసారి కట్ట వెలుపలి అడుగునంట నడచినచో చాలును. పైనుండి నడచిన ఏమియు కనబడదు. చుట్టును ఎండియున్నచోట తుంగ, జమ్ము పచ్చగా మొలచినచో అక్కడ తడి వచ్చుచున్నదని అర్థము. కాలు పెట్టిన మెత్తగా దిగబడునా, నేల ఉబికినట్లున్నదా, చీమలపుట్ట వలె ఇసుక చిమ్ముచు చిన్న చిన్న బుగ్గలు లేచుచున్నవా చూడవలెను. తూము గొట్టము బయటికి వచ్చుచోట, తూము మూసియున్నను గోడప్రక్కనుండి నీరు వచ్చుచున్నదా చూడవలెను. పాతకట్టలు తెగుటకు తూము ప్రక్కతావు మిక్కిలి అనువైనది. రాతికి, మట్టికి ఎన్నడును పూర్తి పొత్తు కుదరదు.

ఊట కనబడగానే భయపడనక్కరలేదు. ఒక గాజుసీసాలో ఆ నీటిని పట్టి నిలువ ఉంచవలెను. తేటగా నున్నచో కట్ట చెమర్చుచున్నది. అడుగున మన్ను దిగినచో కట్ట లోపలినుండి కరిగి వచ్చుచున్నది. రెండింటికి భేదము జలుబుకు, క్షయకు ఉన్నంత. తేటనీటినైనను ఊరక విడువరాదు. చిన్న కాలువ తీసి ఊటను ఒకచోటికి చేర్చి, బిందె పెట్టి, ఎంతసేపటిలో నిండునో చూచి, ఆనాటి చెరువుమట్టముతో సహా పుస్తకములో వ్రాయవలెను. చెరువు నిండుకొలది ఊట పెరుగుట సహజము. అదే మట్టమున పోయిన నెల పది నిమిషములకు నిండిన బిందె ఈ నెల ఆరు నిమిషములకే నిండినచో, అది శాఖవారికి వెంటనే తెలుపవలసిన సంగతి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకన్న, తేదీలతో నున్న ఇట్టి పుస్తకమునకు ఏ అధికారియైనను విలువ ఇచ్చును. విలువ ఇయ్యకపోయినచో తరువాత జవాబు చెప్పవలసియుండునని ఆయనకును తెలియును.

మురికినీరు వచ్చుచున్నపుడు మనవారు తొందరలో చేయు పని యొకటి కలదు. బుంగ నోటిలో రేగడిమట్టి కూరి, బస్తాలతో మూసివేయుదురు. ఇది ప్రమాదకరము. నీరు ఆగదు, ప్రక్కన ఇంకొక దారి చూచుకొని మరింత బలముగా పొడుచుకొని వచ్చును. వెలుపలి వైపున చేయవలసినది నీటిని ఆపుట కాదు, మట్టిని ఆపుట. ఊటపై ముందు ముతక ఇసుక, దానిపై కంకర, దానిపై రాయి పరచినచో నీరు తేటయై పోవును, కట్టమన్ను లోపలనే నిలుచును. దాని చుట్టును ఇసుకబస్తాలతో బావిగట్టువలె కట్టి కొంత ఎత్తున నీరు నిలువనిచ్చినచో పొడుపు తగ్గును. మూయుట లోపలి వైపున చేయవలెను. నీటిలో సుడి తిరుగుచున్న తావు కనబడిన, అక్కడ గడ్డిమోపులు, బంకమట్టి బస్తాలు, టార్పాలిను వాడవచ్చును. ఈ పని జరుగుచుండగనే తూములన్నియు తెరచి మట్టమును దింపవలెను. గండి విచ్చుకొనుట మొదలైనచో కట్టమీదికి ఎవ్వరిని పంపరాదు. దిగువ ఊరికి, గొలుసులో క్రింది చెరువువారికి ఫోను చేయుట ఒక్కటే అపుడు మిగిలిన పని. ఆ నంబర్లు తూము గోడమీద రంగుతో వ్రాసియుండవలెను. ఇసుక, కంకర, ఖాళీబస్తాలు ఎండకాలముననే కట్టమీద కుప్పపోసి ఉంచవలెను. అర్ధరాత్రి వానలో ట్రాక్టరు దొరకదు.

రైతులు ఒప్పుకొనుటకు కష్టమైన మాట ఒకటి మిగిలియున్నది. చాల ఏండ్ల తరువాత నింపుచున్న పాతచెరువును మొదటి ఏడు నిండుగా నింపరాదు. రెండడుగులు తక్కువ నింపి, ఒక నెల నిలిపి, చూచి, అటుతరువాత మెల్లగా పెంచుట మేలు. వెంటనే వచ్చు ప్రశ్న, ఆ రెండడుగుల నీటికి పండు పంట సంగతి యేమి? లెక్క చూతము. నూరెకరముల విస్తీర్ణము గల చెరువులో రెండడుగులనిన రెండువందల ఎకరపుటడుగుల నీరు. యాసంగి వరికి ఎకరమునకు నాలుగున్నర అడుగుల నీరు పట్టునని అనుకొందము. ఆ నీటితో సుమారు నలుబది నాలుగెకరముల వరి పండును. తక్కువ కాదు. కాని వేరుశనగకు ఎకరమునకు రెండడుగులు చాలును. ఒక ఎకరము వరినుండి వేరుశనగకు మారినచో రెండున్నర అడుగులు మిగులును. ఎనుబది ఎకరములు మారినచో రెండువందల ఎకరపుటడుగులును తిరిగి చేతికి వచ్చును. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు రైతులకు యాసంగి వేరుశనగ క్రొత్త పంట కాదు. ఈ పంటకు మన మార్కెట్లు పేరుపడినవి. కాలువ నీరు వచ్చిన తరువాత ఎర్రచెలకలలో సైతము వరి వేయుట మొదలైనది గాని, కట్ట బలహీనముగా నున్న చెరువు క్రింద ఒకటి రెండేండ్లు వేరుశనగ వేయుట వలన ఎవరును చెడిపోరు. ఎగువ మడులవారు వరి, చివరి మడులవారు వేరుశనగ అనిన మాత్రము తగవులు వచ్చును. అందరును తలా కొంత మార్చుకొనవలెను. ఇది వ్యవసాయ విస్తరణాధికారి రైతువేదికలో కూర్చుండబెట్టి తేల్చదగిన పని.

కావలికి డబ్బు ఎక్కడిది? రెండువందల ఎకరముల ఆయకట్టు గల చెరువునకు ఎకరమునకు ఏటా మూడువందల రూపాయలు పెట్టుకొనినచో అరువదివేలు. నెలకు అయిదువేలు ఒక మనిషికి ఇయ్యవచ్చును. ఒక బస్తా యూరియాకన్న కొంచెము ఎక్కువ. ఇది పూర్తి జీతము కాదు. రోజుకు రెండు గంటల పనికి కూలి. చెరువులు ప్రభుత్వమువి గదా, ప్రభుత్వమే ఇయ్యవలెనని కొందరందురు. వారి మాటలో న్యాయమున్నది, నీటిపారుదల శాఖ కుంటకొక లస్కరును పెట్టగలిగిన రోజున ఈ చందా మానివేయవచ్చును. అంతవరకు తెగిన చెరువు క్రింద నష్టపోవునది ఆయకట్టు రైతే కనుక, అతడే కావలి పెట్టుకొనుట లాభము. 1997 చట్టము క్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి; చాల తావుల నేడు పేరునకు మాత్రమే మిగిలినవి. సంఘము లేనిచో గ్రామపంచాయతీ ఈ చందాను వేరు ఖాతాలో ఉంచవచ్చును. కట్టమీది కంపను మొలకలుగా నున్నపుడే తీసివేయుటకు ఉపాధి హామీ కూలీలను పెట్టుకొనవచ్చును. మొద్దులైన చెట్లను మాత్రము ఇంజనీరును అడుగకుండ పెకలింపరాదు. వేళ్ళు తీసిన గోతిని మట్టితో దిమ్మిస కొట్టి పూడ్చనిచో చెట్టున్నపుడే నయము.

కావలి వానికి ఒక టార్చిలైటు, ఒక గాజుసీసా, ఒక బిందె, ఒక పుస్తకము ఇయ్యవలెను. వారమునకొకసారి పంచాయతీ కార్యదర్శి ఆ పుస్తకముపై సంతకము చేయవలెను; గ్రామ పాలనాధికారి నెలకొకసారి అతనితో కలిసి కట్ట అడుగునంట నడువవలెను. అర టి.ఎం.సి. చెరువునకు శాఖవారి మనిషి ఉండవచ్చును. ప్రక్క ఊరి పదునైదెకరముల కుంట దానికి ఎగువననే యున్నది. దానిమీద ఎవరు నడచుదురో రోహిణి కార్తె ముగియక ముందే గ్రామసభ పుస్తకములో పేరు వ్రాసికొనవలెను.